ఎండ్రకాయ నెత్తుటి రంగు

ముత్తక్క గుడిసెలో రెండో గొంతు లేదు. మొగుడు జంపయ్య పాము కరిచి పోయాడు, పిల్లలు లేరు. పక్కిళ్లవాళ్లు పొద్దున్నే మిరప తోటలకు కూలికి పోతారు. తిరిగొచ్చాక ఒళ్లు నొప్పులతో ముడుచుకుంటారు. అందుకే ఆమె వారమంతా పినపాక సంత కోసమే బతికేది. పొలం గట్ల బొరియల్లో పట్టిన పీతల్ని, ఆ ఊరి మాటలో ఎండ్రకాయల్ని, తట్టలో వేసుకుని అక్కడ కూర్చుందంటే ఇక ఆ నోటికి తాళం ఉండేది కాదు.

"నీ మొగుడికి నడుం నొప్పన్నవ్ గదా, గీ పెద్దదాన్ని పులుసు పెట్టు, రేపు చెట్టెక్కుతడు!" అని ఒకామెను ఆటపట్టించేది. ఇంకొకామెతో కావాలనే గంటసేపు బేరం సాగదీసేది. సరుకు పోతే పోయింది, లేకపోతే లేదు. మాట నడవాలి, అంతే.

ఆ వానాకాలం ఒక సంతరోజు, మిరప రైతు భార్య సుశీలమ్మ బేరమాడుతూ ఒక పీత కాలు పుటుక్కున విరిచింది. నీళ్లలాంటి చుక్క ఆమె తెచ్చుకున్న తెల్ల పింగాణీ గిన్నెలో పడి, చూస్తుండగానే లేత నీలంగా తిరిగింది.

"అమ్మో! మైలుతుత్తం తాగినయ్ ఇవి!" అని ఆమె గిన్నె విసిరికొట్టింది.

మిరప నారుకు తెగులు రాకుండా పోసే నీలం మందు అది. అది పొలాల నీళ్లలో కలిసిందనే మాట క్షణంలో సంతంతా పాకింది. "నా చిన్నప్పటి సంది చూస్తున్న, గట్లనే ఉంటదమ్మా" అని ముత్తక్క మొత్తుకున్నా వినేదెవరు? తర్వాతి వారం ఆమె ముందు ఈగ తప్ప ఏదీ వాలలేదు. పలకరిస్తే కొనాల్సి వస్తుందని పాత స్నేహితురాళ్లు కూడా తల తిప్పుకుని పోయారు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ పై వారం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే జయప్రకాశ్ సారు అటు వచ్చాడు. సంగతి విని పకపకా నవ్వాడు. ఒక పీత కాలు విరిచి, చుక్కను తెల్ల కాగితం మీద పట్టి చుట్టూ చూపించాడు. జనం మూగారు. ఇందరు మనుషులు మళ్లీ తన తట్ట చుట్టూ! ముత్తక్క మొహం విచ్చుకుంది.

"మన నెత్తుట్లో ఇనుముంటది. దీంట్లో రాగి. గాలి అందనప్పుడు ఆ రాగికి రంగే ఉండదు. గాలి పట్టుకుందంటే ఒక ఎలక్ట్రాన్ దానికిచ్చి నీలమైతది. వదిలేస్తే మళ్లీ మామూలే. దీని ఊపిరే అది!"

"అంటే సారూ, దీంట్ల రాగి ఉన్నట్టేగా?" అన్నారెవరో.

"ఉంటది మరి."

"మైలుతుత్తంల ఉన్నది గూడ రాగే గదా?"

సారు అబద్ధమాడే మనిషి కాదు. "అదీ రాగే. నీలమైనప్పుడు రెండిట్లో రాగిది ఒకటే స్థితి. కాకపోతే..."

ఆ 'కాకపోతే' వినడానికి అక్కడెవరూ మిగల్లేదు. "సారే చెప్పిండు!" అనుకుంటూ తలో దిక్కు పోయారు.

సారు మొహం మాడిపోయింది. "అన్నీ నేనే తీసుకుంటనమ్మా" అంటూ సంచి తెరిచాడు.

"వద్దు సారూ, రెండు కొను చాలు. మంచియి ఏరుకో, బేరం జెయ్యి, జరసేపు కూసో" అని ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

జాలి పడ్డానని మొహమాట పడుతోంది కాబోలు అనుకున్నాడాయన. తట్ట మొత్తం సంచిలోకి ఒంపుకుని, ధర కూడా అడక్కుండా నోట్లు ఆమె చేతిలో పెట్టి, బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు.

సరుకైపోయిన వాళ్లు ఇంటికి పోవాలి. ముత్తక్క పోలేదు. ఖాళీ తట్ట మీద తడి గోనెపట్టా కప్పింది, లోపల ఇంకా ఏవో ఉన్నట్టు. ఎవరైనా ఆగి "ఏమున్నయే?" అంటారేమోనని సంత ఎత్తేసేదాకా అలాగే కూర్చుంది.