నూటపన్నెండో నంబరు మీద సంతకం

తాండూరులో ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ఉత్తరాలు టైపు చేసేది నేనే. నా పేరు నాగరాణి. ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గర పనిచేశాక మూడో ఆయనగా విజయ్‌కుమార్ వచ్చాడు. ముప్పై రెండేళ్ళు. నాకంటే చిన్నవాడు కాబట్టి ఇక్కడ అతను అంటున్నాను, ఎదురుగా మాత్రం సారే. వచ్చిన మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచాడు. గెలిచాక ఈ అక్కా తమ్ముడూ వరస ఎన్నాళ్ళుంటుందో చూద్దామని అప్పటినుంచీ అతని మీద ఒక కన్నేసి ఉంచాను.

తాండూరు దగ్గరి పల్లె అతనిది. తండ్రి బీరయ్యకు గొర్ల మంద. పదో తరగతి దాకా సెలవులన్నీ మంద వెంటే గడిచాయట. డిగ్రీ వికారాబాద్‌లో చదివాడు. ఒక ఏడు రోగమొచ్చి గొర్లు చస్తుంటే, పశువుల డాక్టరు రాలేదని మందను తోలుకొచ్చి తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చున్నాడు. గొర్లు లోపలికి కూడా వెళ్ళాయి. ఆ దెబ్బకు మండలమంతా పేరు తెలిసింది. తర్వాత ఇద్దరు పెద్దమనుషులు టికెట్ కోసం కొట్టుకుంటే ఇద్దరికీ కాకుండా ఇతనికొచ్చింది. గెలిచాడు.

ఒకరోజు పప్పు మిల్లుల తరఫున ప్రణయ్ అనే యువకుడు కాగితం పట్టుకొచ్చాడు. సర్వే నంబరు నూటపన్నెండు, అరవై ఎకరాల ప్రభుత్వ భూమి, గోదాములకు కావాలి, రెండు వందల మందికి పని దొరుకుతుంది.

"ఖాళీ జాగనే గదా?" అన్నాడు విజయ్‌కుమార్.

"ఖాళీనే సార్. కాగితంల ఉంది సూడుండ్రి."

కాగితంలో అలాగే ఉంది. నేను సిఫారసు ఉత్తరం టైపు చేశాను, అతను సంతకం పెట్టాడు.

నెల తర్వాత ఒక సోమవారం, దరఖాస్తుల వరసలో గొంగడి వేసుకున్న ముసలాయన నిలబడ్డాడు. విజయ్‌కుమార్ చూసి చటుక్కున లేచాడు.

"నాయినా! లోపలికి రా."

"నా నంబరు ఇంక రాలే. కూసో సార్."

హాలంతా అటే తిరిగింది. ఒకే ఇంట్లో అన్నం తినే తండ్రి వరసలో నిలబడి ఏం అడుగుతాడా అని నేను చేతిలో పని వదిలేశాను.

వంతు వచ్చాక బీరయ్య అన్నాడు: "తోడేళ్ళగుట్ట సుట్టు రాళ్ళు పాతిన్రు. వానకాలం సుట్టూరా పంటలే ఉంటయి. గుట్ట వోతే మందలు యాడ మేయాలె? అమ్ముకునుడే ఉంటది."

"తోడేళ్ళగుట్టనా? గది నేనెవ్వరికి ఇయ్యలే!"

బీరయ్య ఫోన్ తీసి అక్కడి బోర్డు ఫొటో చూపించాడు. నూటపన్నెండు. నేను టైపు చేసిన ఉత్తరంలో ఉన్న నంబరే. ఆ గుట్ట మీద ఏ రాతి సందులో నీళ్ళు నిలుస్తాయో విజయ్‌కుమార్‌కు తెలుసు. దాని నంబరు మాత్రం ఏ కాపరీ ఏనాడూ పలకలేదు. పైగా కాగితాల్లో అది పక్క ఊరి శివారు కింద ఉంది.

"ఇంట్ల ఎందుకు జెప్పలే నాయినా?"

"ఇంట్ల జెప్తే నా ఒక్కని మంద కోసం అడిగినట్టయితది. ఆడ బీరప్ప గొర్లు, బుగ్గమ్మ గొర్లు, ఊరి గొర్లన్ని మేస్తయి."

శుక్రవారం వికారాబాద్ కలెక్టరేట్‌లో మీటింగు. అందులో ఫైలు దాటితే గుట్ట పోయినట్టే. ముందురోజు ప్రణయ్ వచ్చి, మాట మారిస్తే వచ్చే ఎన్నికల్లో మిల్లులవాళ్ళెవరూ వెంట ఉండరని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

మీటింగులో లేచి నిలబడ్డాడు. "గీ ఉత్తరం నాదే. జాగ సూడకుండ సంతకం వెట్టిన. తప్పు నాదే, వాపస్ తీసుకుంటున్న." వెనక వరసల్లో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఫైలు మాత్రం ఆగింది.

తిరుగు దారిలో, అనంతగిరి మలుపులు దాటుతుండగా, నోరు ఆగక అడిగేశాను. "సార్, మీ నాయిన రాకపోతే?"

"గోదాములు లేస్తుండె అక్కా. రిబ్బన్ గూడ నేనే కత్తిరిస్తుంటి." మళ్ళీ తనే అడిగాడు: "గిట్లాంటి ఉత్తరాలు ఇంక ఎన్ని పంపినం?"

"ఇరవై మూడు."

"అన్ని తియ్యి. ఒక్కొక్క జాగకు పోదాం."

మరునాడే ఆ ఉత్తరాలు పట్టుకుని బయల్దేరాం. మొదటి నంబరు దగ్గర కొత్త ప్రహరీ, దానికి ఇనుప గేటు, గేటుకు తాళం. గోడ బయట దేవమ్మ అనే ముసలామె నాలుగు మేకల్ని రోడ్డు పక్క గడ్డికి వదిలి కూర్చుంది. విజయ్‌కుమార్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, గీ జాగను మీరేమని పిలుస్తుండె?"

ఆమె గోడను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"గోడ లేసినంక అడుగుతున్నవా కొడుకా?"