కోట గోడలో సందు

ఈ పొద్దున గిద్దలూరు బస్సు కంభం దాటుతుండగా ఫోన్లో రిజల్ట్ వచ్చింది. నేను డిగ్రీ పాసయ్యాను! ఎప్పుడో అయిపోవాల్సింది, మధ్యలో అమ్మ జబ్బుపడితే ఆపేసి, మళ్లీ మొదలుపెట్టి, ఇన్నాళ్లకు అయింది. ఎట్లాగైతేనేం, అయింది. మా ఇంట్లో డిగ్రీ అనే మాట పలికినవాళ్లే గానీ చదివినవాళ్లు నాకు ముందు లేరు. ఆగలేక, పక్క సీట్లో జామకాయల గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకు చెప్పేశాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, "పెండ్లయినాదా?" అని అడిగి, లేదంటే జాలిపడి ఒక కాయ చేతిలో పెట్టింది. కండక్టరుకూ చెప్పాను. నాయనకు ఫోన్ చేస్తే, "పాసా? అంటే ఇంక పరీక్షలు రాయబన్లేదా?" అని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. ఇక మిగిలింది మా అన్న. నంబరు తీసి పెట్టుకుని కూడా నొక్కలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నేను చదువుకున్న ఆ ఏళ్లన్నీ అన్న కూడా ఒకదాని కోసం పట్టుబట్టి కూర్చున్నాడు మరి.

అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. వాళ్లిల్లూ మాదీ ఒకే వీధి. వాళ్లకు గొర్రెలూ మేకలూ, కాస్త మెట్ట పొలం. అన్న ఇంటర్‌లో లెక్కలు తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. ఊళ్లో ఎవరి పిల్లల రిజల్ట్ వచ్చినా వాళ్లు మొదట మా పెద్దమ్మ వాకిట్లోకొచ్చి చెప్పిపోయేవాళ్లు. ఎందుకు వచ్చేవాళ్లో అందరికీ తెలుసు. పెద్దమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ "మంచిదేలేమ్మా" అనేది. అన్న వాళ్లు పోయిందాకా మేకల దొడ్లోనే ఉండి, పనేమీ లేకపోయినా పని చేసుకునేవాడు.

కంప్యూటర్ వాళ్లింటికి వచ్చిన తీరు మా వీధంతా చెప్పుకుని నవ్వింది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పక్క సందులో ఒక భాయ్ ఇంటర్నెట్ దుకాణం నడిపేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అటు తొంగిచూసేవాళ్లు లేక దుకాణం ఎత్తేస్తున్నాడు. అదే సమయానికి ఆయనకు దర్గా కందూరికి, అంటే మొక్కు తీర్చుకుని పెట్టే విందుకు, పొట్టేలు కావాల్సి వచ్చింది. మా పెద్దనాన్న దగ్గర పొట్టేలుంది, ఆయన దగ్గర ఎవరికీ అక్కర్లేని కంప్యూటర్ ఉంది. కొడుక్కి కంప్యూటర్ వస్తే ఏదైనా ఉద్యోగం దొరక్కపోతుందా అని పెద్దనాన్న ఆశ. పొట్టేలు మార్కాపురం పోయింది, కంప్యూటర్ గోనెసంచి చుట్టుకుని మా ఊరొచ్చింది. దాంట్లో భాయ్ తన చేత్తో ఎక్కించి ఇచ్చిన ఆట ఒకటుంది. తలపాగా చుట్టిన చిన్న బొమ్మ మనిషి అరుగు మీంచి అరుగు మీదికి దూకుతూ, గుంతలు దాటుతూ, కోటలెక్కుతూ పోవాలి. అంతే ఆట.

నేను మార్కాపురం హాస్టల్లో చేరిన కొత్తల్లో తెలిసింది, ఈ ఆటను అందరికంటే తొందరగా ముగించాలని పోటీపడేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారని. దాన్ని స్పీడ్‌రన్ అంటారు. ఆట తయారుచేసినవాళ్లకే తెలియని అడ్డదారులు వెతుకుతారు. ఎక్కాల్సిన మెట్లు ఎక్కకుండా గోడలోంచి దూరి అవతల తేలతారు. ఎవరు ఎంతలో ముగించారో ఒక సైట్‌లో వరసగా పేర్లుంటాయి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అన్నకు ఆ వీడియోలు చూపించాను. అన్న కన్నార్పకుండా చూసి, "వీళ్లు తప్పుదోవన పోయినా మెచ్చుకుంటాండారు గదమ్మే," అన్నాడు. తరవాత మెల్లగా, "ఈ ఒక్క లిస్టులో పైన నా పేరు పడాల. పడితే మీ పెద్దమ్మకు చూపిచ్చాల," అన్నాడు. నవ్వుతూ అనలేదు.

చివరి కోటకు పెద్ద గోడ ఉంటుంది. దాని చుట్టూ తిరిగి పైకెక్కేసరికి ఎంత వేగంగా ఆడేవాడికైనా బోలెడు సమయం పోతుంది. ఆ గోడలో ఎక్కడో ఒక సందు ఉండి తీరుతుందని అన్న నమ్మకం. పొద్దున మేకల్ని తోలుకుపోయేవాడు, మధ్యాహ్నం పెద్దనాన్న మంద దగ్గరికి పోగానే ఇంటికొచ్చి గోడ ముందు కూర్చునేవాడు. ఒక్కో రాయికీ బొమ్మను గుద్దిస్తాడు. దూకి గుద్దిస్తాడు, వంగి గుద్దిస్తాడు. గోడ చలించదు. పెద్దమ్మ చీపురు పట్టుకుని వెనకాల నిలబడి, "దొడ్డి గోడ కూలి ఏడాదాయె, నిలబెట్టరా అంటే నిలబెట్టవు. పెట్టెలో గోడను మాత్రం పొద్దుగూకులూ తడుముతాండావు. ఆ గోడ నీకేమన్నా మేనమామనా?" అనేది. పెద్దనాన్న కంప్యూటర్ వైపు చూడకుండా, "ఆ పొట్టేలుంటే ఈ పాటికి దాని పిల్లలకు పిల్లలు పుట్టేయి," అని తువ్వాలు దులుపుకుని పోయేవాడు. ఎండాకాలం పోయింది, వానలు రాకుండానే వానాకాలమూ పోయింది. నేను ఒక్కో సెమిస్టర్ గట్టెక్కుతూ, వచ్చిన ప్రతిసారీ "దొరికిందా అన్నా?" అని అడిగేదాన్ని. "దొరుకుతాదిలే," అనేవాడు, ప్రతిసారీ ముందటికంటే కొంచెం చిన్న గొంతుతో.

దొరికింది మాత్రం ఒక మొండి మేక పుణ్యాన. ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. ఒక మేక దొడ్లోకి పోనంటే పోనని కాళ్లు నిగడదన్నింది. లాగేకొద్దీ మేక వెనక్కే పోతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అన్న దాని కొమ్ములు పట్టుకుని మొహం బయటికి తిప్పి, వెనక్కి నెట్టుకుంటూ దొడ్లో వేసి తడిక మూశాడు. అదే విసురుతో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బొమ్మ ఎప్పట్లాగే గోడకు తగిలి ఆగేసరికి, "నీకూ అదేనా రోగం!" అని దాని మొహం ఇటు తిప్పి, వీపు గోడ మూలకు ఆనించాడు. ఎదురుగా ఆటలోని గబ్బిలం ఒకటి వచ్చి బొమ్మను గుద్దింది. బొమ్మ వెనక్కి జరిగింది. జరిగి, గోడలోకి పోయింది. పోయి, అవతల తేలింది.

మేమిద్దరం వేసిన కేకకు పెద్దమ్మ పామొచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "యాడుండాది? యాడుండాది?" "పాము గాదుమా, సందు!" అన్నాడు అన్న. ఆమెకు ఏమీ అర్థం కాకపోయినా కొడుకు మొహం చూసి కర్ర పక్కన పెట్టి తానూ నవ్వింది. అన్న అట్లా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో. కరెంటు పోని పూట చూసుకుని, బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, మొదటి నుంచి చివరిదాకా ఆట మొత్తం వీడియో తీశాం. లిస్టులో పైన ఉన్న పేరుకంటే అన్న ముందే ముగించాడు. వీడియో మా ఊళ్లో ఎక్కక, గిద్దలూరు బస్టాండులో సిగ్నల్ దొరికిన చోట నిలబడి సైట్‌కు పంపించాం. పక్కన కొట్లో అన్న నాకు నిమ్మకాయ సోడా కొట్టించాడు.

వాళ్ల జవాబు హాస్టల్లో ఉండగా వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. ఈ సందు తమలో ఎవరి ఆటలోనూ తెరుచుకోవడం లేదు, మీది ఏ వెర్షనో చెప్పగలరా అని. స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో అసలు ఆట ఎక్కించి, అదే మూలకు బొమ్మ వీపు ఆనించి గబ్బిలం కోసం ఎదురుచూశాను. గుద్దింది. బొమ్మ కదల్లేదు. ఎన్నిసార్లు చేసినా గోడ గోడే. భాయ్ ఎక్కించింది చేతులు మారీ మారీ ఎక్కడో చెడిపోయిన కాపీ. ఆ మూల రాయి మా కంప్యూటర్లో మాత్రమే డొల్ల. భాయ్‌కు కూడా తెలిసుండదు పాపం. ఫోన్లో చెప్పే మాట కాదని శనివారం బస్సెక్కి ఇంటికి పోయి చెప్పాను.

అన్న తలుపు దగ్గర కూర్చుని మేకపిల్ల కాలికి పసుపు పెడుతున్నాడు. అంతా విని మేకపిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు.

"అంటే, మన గోడకే సందుండాదా?"

"అవునన్నా."

"వాళ్ల గోడ గట్టిదేనా?"

"గట్టిదే."

లోపల్నుంచి పెద్దమ్మ, "ఆ భాయ్ కాడికి పోయి మా పొట్టేలును మాకియ్యమను," అంది. అన్న నవ్వబోయాడు, రాలేదు. "తిన్నరు గదుమా ఎప్పుడో," అని మేకపిల్లను దించాడు.

తరవాత నేను అసలు ఆట తెచ్చి ఎక్కించాను. అన్న మళ్లీ మొదటి రాయి నుంచి మొదలుపెట్టాడు. మూలమూలనా వీపు ఆనించాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. ఈలోగా ఇంకెవరో వేరే కోటలో వేరే దారి కనిపెట్టారు, లిస్టులో సమయం ఇంకా కిందికి దిగింది. అన్న చేతికి అందనంత కిందికి. ఆడటం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. ఒకసారి పోయేసరికి కంప్యూటర్ మీద పెద్దమ్మ వడియాల గుడ్డ మడిచి పెట్టి ఉంది.

బస్సు గిద్దలూరు చేరబోతుండగా ఫోన్ చేశాను. వెనకాల మేకల గంటలు వినిపిస్తున్నాయి. పాసయ్యానన్నా అన్నాను. "అబ్బ! సాధిచ్చినావు గదమ్మే!" అని అరిచాడు, నిజంగానే సంతోషంగా. పక్కనున్న ఎవరికో "మా చెల్లెలు, డిగ్రీ" అని చెప్పడం వినబడింది. తరవాత, "ఇంటికొచ్చి మీ పెద్దమ్మకు నువ్వే చెప్పు. వాకిట్లోనే ఉంటాది. నేను మేకలు తోలుకొని వచ్చేతలికి పొద్దుగూకుతాదిలే," అన్నాడు.

ఒక గోడ దగ్గర కొన్ని క్షణాలు మిగులుతాయని అన్న ఇన్నేళ్లు పెట్టాడు. ఆ క్షణాలు మిగల్లేదు, ఆ ఏళ్లూ వెనక్కి రావు. అవే ఏళ్లు నాకు మాత్రం డిగ్రీ అయ్యాయి.