పద్నాలుగు స్క్రూల గిటారు

ఆ రోజుల్లో వస్తువును చేత్తో పట్టుకుని చూసి కొనే సౌఖ్యం మా కొండ మీద లేదు. కేటలాగులో బొమ్మ చూడటం, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది నమ్మడం, ఉత్తరం రాయడం, ఆ తర్వాత ఎదురుచూడటం. ఇప్పటి పిల్లలు ఫోన్‌లో బొమ్మ మీద వేలు పెట్టి మూడో రోజుకు పెట్టె రాలేదని అలుగుతారు. మాకు పెట్టె వచ్చేలోపు కేటలాగే చిరిగిపోయేది. (నాది చిరగలేదు. అట్ట వేసి ఉంచాను.) బొమ్మను ఎవరైనా నమ్ముతారు, నేను నమ్మేది కింద ఉన్న చిన్న అక్షరాలను. ఆ నమ్మకం కొద్దీ ఒక గిటారును నాలుగు రోజులు ఇనుప జాలీలో బంధించిన ఘనత నాకు దక్కింది.

దంతెవాడ దాటి కొండెక్కితే వచ్చే గని టౌన్‌షిప్‌లో, స్టోర్స్‌లో నాకు ఉద్యోగం. అప్పటికి నా వయసు ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు. చేరి ఐదు నెలల పదకొండు రోజులు. ఆరు నెలలు నిండితేగాని పర్మినెంటు కాదు. వచ్చిన ప్రతి సామానునూ ఆర్డరుతో పోల్చి చూసి, అన్నీ సరిపోతేనే సంతకం పెట్టడం నా పని. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన కొలత తేడాగా ఉన్న బేరింగులకు చూడకుండా సంతకం పెట్టి, ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడట. మా స్టోర్స్ ఆఫీసరు రాజమండ్రి వైపు మనిషి, అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన మొదటి రోజే చెప్పారు: "చూడమ్మా, వచ్చింది ఒక్క ఇనుప మేకే అయినా సరే, దానికి తల ఉందో లేదో చూసుకున్నాకే సంతకం." నేను తలతో ఆగలేదు, మొన కూడా చూసేదాన్ని.

నాతో ఒకే క్వార్టరులో ఉండే నర్సును కోంటా అక్క అని పిలిచేదాన్ని. కోంటాలో కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి. నర్సు ట్రైనింగులో ఉండగా హాస్టల్లో పడివున్న పాత గిటారు మీద వాయించడం నేర్చుకుని, దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది. టౌన్‌షిప్ క్లబ్బు వాళ్ల వెంట రెండేళ్లు పడి, చివరికి స్టోర్స్ ద్వారా ఒక గిటారు ఆర్డరు పెట్టించింది. అది వచ్చే వారంలోనే ఆమెకు సుక్మాకు బదిలీ అయింది, పెళ్లీ కుదిరింది. ఆదివారం పొద్దున జీపు. శనివారం సాయంత్రం క్లబ్బులో వీడ్కోలు సభ, అందులో ఆమె గిటారు, ఆమె పాట. "అత్తగారింట్ల గిటారంటే, ఏందది, పప్పు రుబ్బేదా అంటరే. ఈ ఒక్క సాయంత్రమే నాది" అని నవ్వేది. అన్నం తింటూ కూడా ఎడమచేతి వేళ్లు కంచం అంచు మీద ఆడిస్తూ ఉండేది.

మంగళవారం పదిన్నరకు పెట్టె వచ్చింది. అక్క డ్యూటీ మధ్యలో తెల్లచీరతోనే పరుగెత్తుకొచ్చింది. నేను పెట్టె విప్పి, కేటలాగు పక్కన పెట్టుకుని, పెన్సిలు చెక్కుకున్నాను. తీగలు బిగించే బిరడలు ఆరూ విడివిడిగా ఉంటాయని, పళ్లచక్రాల మీద మూత ఉంటుందని కేటలాగు. వచ్చినవి మూడేసి ఒక్కో రేకుకు బిగించినవి, పళ్లన్నీ బయటికే. కేటలాగులో ఉక్కు గుబ్బలు, వచ్చినవి తెల్ల ప్లాస్టిక్‌వి. కింద తీగలను పట్టి ఉంచే పిన్నులు నల్లకర్రవి అన్నారు, తెల్లవి వచ్చాయి. భుజం పట్టీ తగిలించడానికి రెండు గుబ్బలు అన్నారు, ఒకటే ఉంది. స్క్రూలు పద్నాలుగు, అందులో రెండింటి తలలు వేరు. మెడ పైన తీగలు ఆనే పట్టీ ఎముకతో చేసింది అని రాసి ఉంది. అది ఎముకో కాదో తెలియాలి కదా! సూదిని టీ స్టవ్వు మీద ఎర్రగా కాల్చి దాని చివర గుచ్చాను.

"అయ్యో! ఏంది నువ్వు చేసేది? పానమున్న దానికి వాత పెట్టినట్టు!" అని అక్క నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే చిన్న గుంట పడి, ప్లాస్టిక్ వాసన వచ్చింది.

"ఎముక కాదక్కా. ఆరు తేడాలు" అన్నాను, విజయం సాధించినదానిలా.

"అయితే ఏంది? తీగ బిగిస్తే నిలవాలె, మీటితే మోగాలె. గంతే గద!"

"మోగుతుందని ఆర్డరులో ఎక్కడా లేదక్కా."

అక్క నా చెయ్యి వదిలేసి వార్డుకు వెళ్లిపోయింది. ఆర్డరులో నిజంగానే ఆ మాట లేదు. నేనన్నది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను, కానీ అప్పుడు అక్కతో అలా అనకుండా ఉండాల్సింది. గిటారుకు ఎర్ర చీటీ కట్టి, తిరస్కరించిన సామాన్లు ఉంచే ఇనుప జాలీ గదిలో పంపు గ్యాస్కెట్ల పక్కన పెట్టి తాళం వేశాను. గిటారు పంపిన కలకత్తా కొట్టుకు ఆరు తేడాలూ వరుస నంబర్లతో ఉత్తరం రాశాను. జవాబు రావడానికి ఎంత లేదన్నా నెల.

పెద్దసారు చీటీ చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సంతకం పెట్టమని నేను చెప్పనమ్మా. వద్దనీ అనను. పుస్తకంలో పేరు నీది." అంతే. ఆయనా నాలాంటి మనిషే.

అక్క నాతో మాట్లాడటం మానేసింది. రోజూ నా జడ అల్లేది తనే. బుధ, గురు, శుక్రవారాలు నేనే అల్లుకుంటే మూడు పాయలూ మూడు దిక్కులకు పోయాయి. శుక్రవారం ఆమె ట్రంకు సర్దుతుంటే, పక్కన నిలబడి మడతలు సరిచేయబోయాను. "వద్దులే. తేడాలు దొరుకుతయ్ నీకు" అంది. ఆ పూట అన్నం సహించలేదు. అలాగని తప్పుడు సంతకం పెట్టడానికీ చెయ్యి రాలేదు. ట్రంకు సర్దుకుపోయిన బేరింగులాయనే కళ్లముందు మెదిలాడు.

శనివారం పొద్దున వర్క్‌షాపు మేస్త్రి బోల్టుల కోసం వచ్చాడు. భద్రాచలం వైపు మనిషి, ముక్కుపొడి లేకుండా మాట పెగిలేది కాదు. జాలీలో గిటారును చూసి నవ్వాడు. "ఏంది బిడ్డా, గిదేం నేరం చేసింది?"

చెప్పాను. మేస్త్రి పొడి పీల్చి, తుమ్మి, తాపీగా అన్నాడు. "మొన్న నీళ్ల పంపు వచ్చినప్పుడు గూడ బోల్టులు వేరేయే వచ్చినయ్ గద. అప్పుడేం చేసినం? రెండు గంటలు నడిపి చూసినం. మంచిగ నడిచింది, తీసుకున్నం. దీన్ని నడిపినవా?"

నా పెన్సిలు కింద పడింది. నిబంధనల పుస్తకం విప్పాను. విడిభాగాల్లో తేడా ఉన్నా, వాడేవాళ్ల సమక్షంలో పూర్తి భారం మీద రెండు గంటలు నడిపి చూసి, బాగుంటే స్వీకరించవచ్చు. నడిపి చూసేది స్టోర్స్ ఆవరణలోనే. గిటారుకు వర్తించదని ఎక్కడా లేదు. (రెండుసార్లు చదివాను.) పరుగెత్తి ఆసుపత్రికి వెళ్లాను. వార్డులో అందరి ముందూ, "అక్కా, ట్రయల్ రన్‌కు ఆపరేటరు కావాలి" అన్నాను. ఆమె చేతిలో ఉన్న థర్మామీటరు విదిలిస్తూ విదిలిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది.

ట్రయల్ నాలుగింటికి. క్లబ్బు సభకు రావలసిన వాళ్లంతా స్టోర్స్‌కు వచ్చారు. వార్డు ఆయాలు, హమాలీలు, డ్రైవర్లు గ్రీజు డబ్బాల మీద, టైరుల మీద కూర్చున్నారు. పెద్దసారు తన కుర్చీ తనే మోసుకొచ్చుకున్నారు. అక్క గిటారు తీసుకుని జాలీ లోపల చెక్కపెట్టె మీద కూర్చుంది. మేస్త్రి స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కన నిలబడ్డాడు, నేను గడియారం, పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఇరవై మూడో నిమిషంలో మూడో తీగ బిరడ జారింది. మేస్త్రి అర చుట్టు బిగించాడు, రాశాను. యాభై ఒకటో నిమిషంలో అక్క పాటకు హమాలీలు గొంతు కలిపారు, గోండి పాటో హల్బీ పాటో. పూర్తి భారం కిందికి వస్తుందని అదీ రాశాను. సరిగ్గా ఆరింటికి లేచి, "సమయం అయింది" అన్నాను. యాభై మంది నా వైపు తిరిగి చూశారు.

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. "పంపుకైతే రెండు గంటలు చాలమ్మా. ఇవి తీగలు, సాగుతాయి. ఇంకో గంట నడవనీ."

ఏడింటికి ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత్రి అక్కే నా జడ అల్లింది. ఆదివారం ఏడు పదికి జీపు ఎక్కింది. పంతొమ్మిది రోజుల తర్వాత నేను పర్మినెంటు అయ్యాను.

ఆ ట్రయల్ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. మొన్న దాన్ని చదువుతుంటే ఒక లోపం కనబడింది. మూడు గంటలు నిమిషం నిమిషం రాశాను గాని, అక్క ఏమేం పాడిందో ఎక్కడా రాయలేదు. ఎంత ఆలోచించినా ఒక్క పాటా గుర్తుకు రాలేదు. సుక్మాకు ఫోన్ చేశాను.

"నువ్వు ఎదురుంగనే గూసున్నవ్ గదే!"

"కూర్చున్నానక్కా. బిరడల వైపే చూస్తున్నాను."

"తెలుసు. ఒక్కసారన్న తలెత్తుతవేమోనని నీ మొకం జూసుకుంటనే మూడు గంటలు పాడిన" అంది అక్క. అని, గొంతు బొంగురుపోయిందని ముందే చెప్పి, ఫోన్‌లోనే ఒకటి ఎత్తుకుంది. ఈసారి గడియారం చూడలేదు. ఎంతసేపు పాడిందో అడిగితే చెప్పలేను.