వదిన వేసిన పోగులు

మా వదిన పోయిందన్న కబురు అన్నయ్యే ఫోన్ చేసి చెప్పాడు. నేను టొరంటో పక్కన మార్కమ్‌లో ఆఫీసు కింద కారు పార్క్ చేస్తున్నాను. అన్నయ్య గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "వదిన లేదురా" అన్నాడు. పొద్దున టీ పెడుతూ పడిపోయిందట. అంబులెన్సు వచ్చేలోపే అంతా అయిపోయిందట. తరవాత వాడే అన్నాడు: "ఇన్నేళ్ళూ అడవిలో ఏమైపోతుందోనని భయపడి చచ్చాను. చివరికి వంటింట్లోనా?"

అడవి సంగతి తెలియనివాళ్ళకి ఈ మాట అర్థం కాదు. మా వదిన వేటకి వెళ్ళేది. నల్గొండ దగ్గర పుట్టి, హైదరాబాద్‌లో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక కెనడా వచ్చి, సడ్‌బరీలో ఒక గ్రోసరీ స్టోరు బేకరీలో బర్త్‌డే కేకుల మీద పేర్లు రాసే మనిషి, లైసెన్సు తీసుకుని, తుపాకి భుజాన వేసుకుని ఎలుగుబంటి వేటకి బయల్దేరేది. ఇండియా నుంచి చుట్టాలు నాకు ఫోన్ చేసి నిజమేనా అని అడిగేవాళ్ళు. వెళ్ళడం వరకు నిజమే, ఎలుగుబంటే ఇంకా ఒప్పుకోలేదు అని చెప్పేవాణ్ణి.

బేకరీలో తనతో పనిచేసే ఒక పెద్దావిడ ఈ పిచ్చి అంటించింది. ఆవిడ, ఆవిడ భర్త ఏటా వేటకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి ఊరికే చూద్దామని వాళ్ళ వెంట వెళ్ళిన వదిన, ఇంటికొచ్చి వేట లైసెన్సు కోర్సుకి అప్లై చేసింది. ఎందుకు వదినా నీకిది అంటే తను చెప్పిన జవాబు నాకింకా చెవుల్లో ఉంది. "అడవిల కూసుంటే ఎవ్వరూ నన్ను ఏం అడగరు మరిదీ. ఆంటీ రూమ్ ఉందా, అమ్మా నా సాక్సులేవి, ఏమోయ్ టీ అయ్యిందా... ఏదీ ఉండదు. చెట్లు, నేను."

ఆ మాటలో సగం అబద్ధం. ఎవరూ ఏమీ అడక్కపోతే తనకి తోచేది కాదు. అవి స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులు. సడ్‌బరీ బస్టాపుల్లో కరీంనగర్, నిజామాబాద్, ఒంగోలు అన్ని యాసలూ వినబడేవి. రూమ్ దొరకని పిల్లలకి వదిన నంబరు ఎవరిచ్చేవారో తెలియదు గానీ, వాళ్ళు ఇంటి ముందు సూట్‌కేసులతో ప్రత్యక్షమయ్యేవాళ్ళు. పార్ట్‌టైమ్ దొరకలేదని ఒకరు, వర్క్ పర్మిట్ ఏమవుతుందోనని ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. వదిన అందరికీ ఒకటే చెప్పేది: "ముందు తిను, తరవాత చెప్పు." తిన్నాక చాలామందికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు.

ఆ పిల్లల మూలంగానే ఒక సీజన్ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడ ఎలుగుబంటికి ఎర పెట్టుకోవచ్చు. పీపాలో పాత డోనట్లు, వాడేసిన నూనె వేసి, కాస్త దూరంలో గుడారం వేసుకుని కూర్చుంటారు. వదిన పని బేకరీలో కాబట్టి డోనట్లకి కొదవ లేదు. ఆ ఏడు వినాయక చవితికి పిల్లలందర్నీ పిలిచి బాణలి నిండా మిరపకాయ బజ్జీలు వేసింది. మిగిలిన నూనె పారబోయడానికి ప్రాణం ఒప్పక, తీసుకెళ్ళి పీపాలో కుమ్మరించింది. చెట్టుకి కట్టిన కెమెరాలో ఆ తరవాత జరిగింది రికార్డయింది. ఎలుగుబంటి వచ్చింది, పీపాలో తల పెట్టింది, తల తీసింది, మనిషిలా చతికిలబడి రెండు చేతులతో మూతి తుడుచుకుంది, నాచులో ముక్కు రాసుకుంది, లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది కూడా. మళ్ళీ ఆ సీజన్‌లో అటువైపు రాలేదు. ఆ వీడియోని అందరికంటే ఎక్కువసార్లు చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది వదినే. కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటుకీ భోజనం పెట్టి, వీడియో చూపించేది.

అన్నయ్యకి మాత్రం ఇందులో నవ్వు కనబడేది కాదు. వాడు గనిలో ఇంజినీరు, జాగ్రత్త వాడి ఉద్యోగం. ఆ మరుసటి ఏడు వదిన ఒక్కతే వెళ్ళి, వేరు తట్టుకుని చీలమండ మెలిపెట్టుకుంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. తను ఎంతకీ రాకపోయేసరికి వెతుక్కుంటూ వెళ్ళిన అన్నయ్య రోడ్డు పక్కన ట్రక్కు ఆపుకుని, చెట్లలోకి చూస్తూ నిలబడ్డాడట. చీకటి పడ్డాక కర్ర ఊతంగా కుంటుకుంటూ వచ్చింది. వాడు తిట్టలేదు. తనని ఎక్కించి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తాళంచెవి తిప్పడానికి చెయ్యి రాక అలాగే ఉండిపోయాడట. ఇంటికొచ్చాక అడిగాడు: "తుపాకి అమ్మేద్దామా?"

"ఇంకొక్క సీజన్" అంది వదిన. "ఈసారి మీరు కూడా రండి. దొరక్కపోతే నేనే అమ్మేస్తా, మళ్ళీ అడవి పేరెత్తను."

ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పారు. అన్నయ్య గొంతులో నిశ్చింత. వదిన గొంతులో అప్పటికే ఏదో తగ్గింది. తను ఒక సుఖాన్ని అంత నిశ్శబ్దంగా వదులుకోవడానికి సిద్ధపడటం నాకు నచ్చలేదు. కానీ అన్నయ్య భయం కూడా వట్టిది కాదు కదా.

అలా ఆ సెప్టెంబరులో నలుగురం బయల్దేరాం. వదిన, అన్నయ్య, హైస్కూల్లో చదివే వాళ్ళమ్మాయి, నేను. చెరువు పక్కన ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. అక్కణ్ణుంచి వదిన రాజ్యం. సెంటు కొట్టకూడదు, తలకి నూనె రాయకూడదు. మధ్యాహ్నం గోంగూర పచ్చడి తిన్నందుకు అన్నయ్య చేత సబ్బుతో మళ్ళీ మళ్ళీ చేతులు కడిగించింది. గుడారంలో నాలుగు మడత కుర్చీలు. నేను కాలు కదిపితే చాలు, చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా, "పెళ్ళిచూపులల్ల కూడ ఇట్లనే కూసున్నవా? అందుకే కుదుర్తలేదు" అనేది. నాకప్పటికి పెళ్ళి కాలేదు. తను ఆ విషయం మరిచిపోనిచ్చేది కాదు.

ఆదివారం సాయంత్రం ఎండ పచ్చబడుతున్న వేళ, నల్లగా ఒకటి చెట్ల మధ్య నుంచి నడిచొచ్చి పీపా దగ్గర ఆగింది. అంత పెద్ద జంతువు ఒక్క ఆకు కూడా చప్పుడు చెయ్యకుండా వచ్చింది. వదిన తుపాకి ఎత్తింది. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ఇక పేలుతుంది, ఇక పేలుతుంది అనుకుంటుండగా, వదిన మెల్లగా తుపాకి దించి ఒళ్ళో పెట్టుకుంది. వెనక పొదల్లోంచి రెండు ఎలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి.

అవి తిన్నంతసేపూ తిని వెళ్ళిపోయేదాకా అలాగే కూర్చున్నాం. మర్నాడు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలి. సీజన్‌లో వదినకి మళ్ళీ సెలవులు లేవు. ఇక తుపాకి అమ్మడమే అని అందరికీ తెలుసు.

"అమ్మా, ఇట్స్ ఓకే" అంది వాళ్ళమ్మాయి.

"ఏం గాదు బిడ్డా. ఎంత ముద్దుగున్నయో చూసినవా?" అంది వదిన. గుడారం మడుస్తున్నప్పుడు మాత్రం తన మొహం వైపు చూడటానికి నాకు మనసు రాలేదు.

మర్నాడు పొద్దున్న నేను బ్యాగులు ట్రక్కులో పెడుతుంటే అన్నయ్య బయటికి వచ్చి, "అవి దించెయ్యి. లీవ్ పెట్టాను, మీ వదిన మేనేజరుతో కూడా మాట్లాడాను. ఇంటి వాళ్ళు ఇంకో రోజు ఉండమన్నారు" అన్నాడు.

"నువ్వు గెలిచావు కదరా" అన్నాను.

"గెలవడం ఏముంది ఇందులో? నిన్న కొట్టి ఉంటే తనకి దొరికినట్టే. అయినా కొట్టలేదు. అలాంటి మనిషిని నేనెలా ఆపేది?" అన్నాడు. మళ్ళీ వెంటనే, "భయం మాత్రం పోలేదు, అది వేరే" అన్నాడు. మా అన్నయ్య అంత మాట్లాడటం నేను చాలా అరుదుగా విన్నాను.

ఆ సాయంత్రం ఒంటరి మగ ఎలుగు వచ్చింది. వదిన చాలాసేపు చూసింది, చుట్టూ చూసింది, పొదలన్నీ వెతికింది. అప్పుడు పేల్చింది. అది నాలుగడుగులు పరిగెత్తి ఒరిగిపోయింది. దగ్గరికి వెళ్ళాక కేకలు లేవు, ఫోటోలు లేవు. వదిన మోకాళ్ళ మీద కూర్చుని దాని భుజం మీద చెయ్యి వేసింది. "తిండికే తీసుకున్నం. ఏమనుకోకు" అంది. బేకరీ పెద్దావిడ భర్త వచ్చి కొయ్యడంలో సాయం చేశాడు. ట్రక్కులో తిరిగొస్తూ, ఊరు దగ్గరపడ్డాక వదిన అన్నయ్యతో అంది: "దొరికింది కాబట్టి మాట చెల్లిపోయింది అనను. మీకు ఇంకా భయమైతే చెప్పండి, అమ్మేస్తా. నాకు ఒక్కసారి చాలు." అన్నయ్య రోడ్డు చూస్తూ నడిపాడు.

వారం తిరిగాక స్టూడెంట్ పిల్లలందర్నీ పిలిచింది. వదిన వాళ్ళ ఊళ్ళో మేకని కోసినప్పుడు మాంసం పోగులు వేసి పంచుతారు. మెత్తటి మాంసం, ఎముక, కొవ్వు అన్ని పోగుల్లోనూ సమానంగా పడాలి. ఒక మనిషి పోగులకి వీపు పెట్టి నిలబడతాడు. పంచేవాళ్ళు ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఎవరిది అని అడిగితే, అతను చూడకుండా ఒక పేరు చెప్పాలి. చివరి పోగు దాకా వెనక్కి తిరగకూడదు. అప్పుడు ఎవరూ పేచీ పెట్టరు. గరాజ్‌లో నీలం టార్పాలిన్ పరిచి, గమ్‌బూట్లు వేసుకుని, చేతులు మోచేతుల దాకా ఎర్రగా, వదిన పోగులు వేసింది. లోపల ఎరుపు పోయేదాకా ఉడికించాలి, సగం ఉడికింది తింటే జబ్బు చేస్తుంది అని ఒక్కొక్కరి చేతా ఒప్పించింది. వీపు పెట్టి నిలబడటానికి అన్నయ్యని పిలిచింది. ఎలుగుబంటి మాంసం తను ముట్టనని వాడు ముందే చెప్పాడు కాబట్టి, వాడికి పక్షపాతం ఉండదని తన లెక్క.

"ఇది ఎవరిది?"

"నిజామాబాద్ పిల్లలది."

"ఇది?"

"కొత్తగా వచ్చిన అమ్మాయిది. ఆ బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయి."

"ఇది?"

"తమ్ముడిది. వాడికి వండటం రాదు, వండి ఇవ్వు."

అందరూ నవ్వారు. వదిన ఇంకో పోగు మీద చెయ్యి పెట్టింది. "ఇది ఎవరిది?"

అన్నయ్య గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అది నాది" అన్నాడు. "తుపాకి అమ్మకు. వచ్చే ఏడు కూడా నేను వస్తాను. భయపడుతూనే వస్తాను. ఆ గుడారంలో మాత్రం కాస్త మెత్తటి కుర్చీ వెయ్యి, నడుం పోయింది."

వదిన చేతులు రెండూ నెత్తురుతో ఉన్నాయి కాబట్టి, మోచెయ్యి ఎత్తి భుజం దగ్గరి బట్టతో కళ్ళు అద్దుకుంది. ఏదో అనబోయింది. అన్నయ్య వెనుక, పోగుల మధ్య, అవునన్నట్టు తల ఊపుతూ ఉండిపోయింది.

పద్ధతి ప్రకారం అన్నయ్య వెనక్కి తిరగలేదు. "తరవాతది?" అన్నాడు. జవాబు లేదు. గోడ వైపే మొహం పెట్టి, తల కొంచెం పక్కకి వంచి, వదిన గొంతు కోసం చెవి పెట్టి అడిగాడు: "ఏమోయ్, ఉన్నావా?"