మంచిదేనమ్మా, భయపడకున్రి

మొన్న మంగళవారం తెల్లారినప్పటి నుంచి ముసురు పడుతోంది. మేము చెరువు కింది మడిలో నారు పీకుతుంటే మా వదిన గట్టు మీదికి వచ్చి, "పోస్టాఫీసు పెద్దమ్మ పోయింది" అని చెప్పింది. చేతిలో ఉన్న నారు కట్ట కట్టి, కాళ్లు కడుక్కొని ఊళ్లోకి వచ్చాం.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటామె. ఆమె భర్త, మేము పెదబాపు అని పిలిచే ఆయన, ఊరి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే వాళ్లింటి ముందటి అర్రే. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి స్తంభాలు పాతుకుంటూ వచ్చి, ఊరందరికీ కలిపి ఒక్క ఫోను ఆ అర్రలో పెట్టారు. ఫోను ఎత్తడం, ఎవరికొచ్చిందో వాళ్లను పిలుచుకురావడం పెద్దమ్మ పనయింది.

అప్పటిదాకా దూరం నుంచి తొందరగా వచ్చే కబురంటే మాకు టెలిగ్రామే. టెలిగ్రామంటే చావే. ఫోను కూడా అంతేననుకున్నాం. మొదటిసారి పెద్దమ్మ పోయి "నీకు ఫోనొచ్చింది" అని చెప్పగానే మగ్గం నేసే ముసలాయన మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలోంచి లేవకుండానే శోకం మొదలుపెట్టాడు. ఇల్లంతా అందుకుంది.

"సచ్చినోళ్లు ఎవల్లేరు, లే మామా! అల్లుడు దసరాకు వస్తాండట. కోడిని పట్టున్రి" అని పెద్దమ్మ కోప్పడింది.

ఆనాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ఫోను ఎత్తగానే "మంచిదా, చెడ్డదా? ముందుగాల అది చెప్పున్రి" అని అడిగేది. మంచిదైతే గల్లీ మొదట్లోనే "మంచిదేనమ్మా, భయపడకున్రి!" అని కేక వేసి, తర్వాత పేరు పిలిచేది. చెడ్డదైతే కేక ఉండదు. వచ్చి మన పక్కన కూర్చునేది.

మా అక్కకు కాన్పు కష్టమై వరంగల్ దవాఖానలో చేర్చిన రోజు, అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది గాని చెవులన్నీ గల్లీలోనే ఉన్నాయి. పెద్దమ్మ వస్తూ కనబడింది. కేక లేదు. అమ్మ చేతిలో చాట జారింది.

"తెల్వదే చెల్లె!" అని అక్కడినుంచే అరిచింది పెద్దమ్మ. "మీ అల్లుడు నీ పేరు చెప్పిండు, లైను కట్టయింది. ఏమని ఒర్రాలె నేను?"

"మంచిదనే ఒర్రితే ఏం పోయేదక్కా!"

"తెల్వంది ఎట్ల ఒర్రుత? రేపు నా మాట ఎవలన్న నమ్ముతరా?"

అమ్మను చేయి పట్టుకొని తీసుకుపోయి ఫోను ముందు కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది. లోపల పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చినా లేవలేదు. మళ్లీ ఫోను మోగితే తాను ఎత్తలేదు.

"నువ్వే ఎత్తు. నీ బిడ్డ ముచ్చట నువ్వే ఇను."

అమ్మ ఎన్నడూ ఫోను పట్టి ఎరగదు. తలకిందులుగా పట్టుకుంది. పెద్దమ్మ దాన్ని సరిగా తిప్పి అమ్మ చెవికి ఆనించి, చేయి తీయకుండా అట్లాగే పట్టుకుంది. ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని మా బావ చెప్పాడు. అమ్మ తల ఊపింది.

"తల ఊపితే అల్లునికి కనబడతదానే? నోరు తెరిచి మాట్లాడు!" అంది పెద్దమ్మ. అంటూనే కొంగుతో తన కళ్లు తుడుచుకుంది.

బుధవారం వాన తెరిపిచ్చాక చర్చి వెనుక పెద్దమ్మకు మట్టి ఇచ్చాం. చుట్టాలు సాయంత్రం బండికి పోయారు. మా అక్క రెండు రోజులు పెదబాపుకు వండిపెట్టి, శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు, ఆనాడు ఫోనులో కబురొచ్చిన ఆ బిడ్డను తీసుకొని పోయింది.