దయ్యాల దండెం

నా చిన్నప్పుడు అక్టోబరు నెలంటే నాకు చిరాకు. మేము టెక్సస్‌లో కాపెల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. హాలోవీన్ దగ్గరపడితే మా వీధిలో ప్రతి వరండాలోనూ నారింజ రంగు దీపాలు, ప్లాస్టిక్ అస్థిపంజరాలు, అట్ట సమాధులు వెలిసేవి. మా వరండాలో మాత్రం చెప్పుల స్టాండు ఉండేది. హాలోవీన్ సాయంత్రం పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని చాక్లెట్ల కోసం ఇంటింటికీ తిరుగుతారు. అలంకరణ లేని ఇంటి తలుపు మాత్రం తట్టరు. ఒక ఏడాది నేను చాక్లెట్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. మా క్లాసు పిల్లలు మా ఇల్లు దాటుకుని పక్కింటికి వెళ్ళిపోయారు. నేనక్కడ ఉన్నట్టే వాళ్ళు గమనించలేదు.

మరుసటి ఏడాది, ఈసారి మనం కూడా ఏమైనా కొందామని నాన్నను అడిగాను. ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. "పది రోజుల్లో చెత్తలో వేసేదానికి కొనడమెందుకమ్మా? ఇంట్లో ఉన్నవాటితో చేసుకో" అన్నారు తల ఎత్తకుండా. అమ్మకైతే ఆ ఆలోచనే నచ్చలేదు. గుమ్మం ముందు దయ్యాలేమిటే అని విసుక్కుంది.

ఇక మిగిలింది అక్క. సొంత అక్క కాదు, మా నాన్న స్నేహితుడి చెల్లెలు. వరంగల్ నుంచి వచ్చి ఎం.ఎస్. పూర్తి చేసి, మా మేడ మీద గదిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కునేది. ఆ ఏడాది ఎక్కడా ఉద్యోగాలు లేవు. వీసా గడువేమో దగ్గరపడుతోంది. రోజంతా ఫోన్ పక్కనే కూర్చునే అక్క ఒక శనివారం పొద్దున నా ముఖం చూసి "పా, మనమే చేద్దాం" అని లేచింది.

ఆ పొద్దున మేము చేసినదేదీ కుదరలేదు. ఖాళీ పాలడబ్బాల మీద దయ్యాల ముఖాలు గీస్తే, మార్కర్ ఆరకముందే చేతులకంటుకుని అన్ని ముఖాలూ అలుక్కుపోయాయి. గుడ్ల అట్టలు కత్తిరించి గబ్బిలాలు చేసి నల్లరంగు వేశాం. తడికి అట్ట మెత్తబడి రెక్కలు వాలిపోయాయి. దూది సాగదీసి సాలెగూడులా రైలింగుకు చుడితే, గాలికి ఎండుటాకులన్నీ వచ్చి అందులో చిక్కుకున్నాయి. ఎవరో ఊడ్చిన చెత్త తెచ్చి అక్కడ పోసినట్టుంది. చివరికి పాత తెల్ల దుప్పటిలో బంతి పెట్టి, మెడ దగ్గర దారం కట్టి వరండా చూరు నుంచి వేలాడదీశాం. అదొక్కటే కాస్త దయ్యంలా కనిపించింది. నేను వీధిలోకి పరుగెత్తి దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను. అన్నం తిని వచ్చేసరికి వాన పడి వెలిసింది. దుప్పటి తడిసి బరువెక్కింది, బంతి ఎక్కడికో జారిపోయింది.

అప్పుడే ఎదురింటి అబ్బాయి సైకిల్ మీద వచ్చి మా ముందు ఆగాడు. నా క్లాసే. కాసేపు చూసి, ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థంకాక, "మీ డ్రయర్ పాడైందా?" అని ఇంగ్లీషులో అడిగి వెళ్ళిపోయాడు. మా వీధిలో ఎవరూ బట్టలు బయట ఆరేసేవాళ్ళు కాదు, అందరూ డ్రయర్ మెషీన్‌లోనే ఆరబెట్టుకునేవాళ్ళు.

నేను దుప్పటిని లాగి కింద పడేశాను. పాలడబ్బాలను తన్నాను. "ఎంత ట్రై చేసినా అగ్లీగానే వస్తోంది, అక్కా! నేను ఇంక చెయ్యను!" అని ఏడుపు మొదలుపెట్టాను.

అక్క నన్ను ఊరుకోమనలేదు. బాగానే ఉందని అబద్ధమూ ఆడలేదు. తనూ ఒక డబ్బాను తన్నింది. అది దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. "నాకూ మస్తు కోపమొస్తుంది. నిన్న గూడ ఒక కంపెనీ నో అన్నది. ఏం పట్టుకున్నా అయితలేదు" అంది. పెద్దవాళ్ళు అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఏడుపు ఆపి ఆమె వైపే చూశాను.

కాసేపటికి ఆమే అడిగింది. "వాడేమన్నడు?"

"డ్రయర్ పాడైందా అన్నాడు."

"అంటే వానికి దయ్యం కనవడలేదు. ఆరేసిన బట్టలు కనవడ్డయి." కింద పడున్న దుప్పటిని కోపంగా చూస్తూ నిలబడింది. "సరే, బట్టలే ఆరేద్దాం. దయ్యాలకు బట్టలుండవా ఏంది?"

గరాజ్‌లోంచి తాడు తెచ్చి వరండా స్తంభాల మధ్య దండెం కట్టింది. ముడి జారిపోతే తనలో తాను తిట్టుకుంటూ మళ్ళీ కట్టింది. పాత బట్టల సంచీ బోర్లించాం. నాన్న చొక్కాల అంచులు పేలికలుగా చింపి టీ డికాషన్‌లో ముంచాం. మూడుకాళ్ళ దయ్యం కోసమని చిల్లుల మేజోళ్ళు మూడు వరసగా తగిలించాం. దుప్పటిని చింపి పిల్లదయ్యాలకు లంగోటీలు కట్టాం. "దయ్యాల లాండ్రీ, ముట్టుకోవద్దు" అని నేను అట్ట మీద ఇంగ్లీషులో రాశాను. గాలి వీచగానే చొక్కాల చేతులు ఎవరో తొడుక్కున్నట్టు పైకి లేచాయి. అమ్మ బయటికొచ్చి తిట్టబోయి, మేజోళ్ళు చూసి నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

హాలోవీన్ సాయంత్రం ఎదురింటి అబ్బాయి ఆ అట్ట చదివి పగలబడి నవ్వాడు. వెనక్కి పరుగెత్తి వాళ్ళమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ తర్వాత పిల్లలు గుంపులుగా వచ్చి మా తలుపు తడుతూనే ఉన్నారు. అక్కా నేనూ గుమ్మంలో నిలబడి చాక్లెట్లు పంచాం.

మర్నాడు కాలనీ సంఘం నుంచి ఒకాయన వచ్చి, ఇంటి ముందు దండెం కట్టడం నిబంధనలకు విరుద్ధమన్నాడు. నాన్న వెంటనే విప్పేశారు. అక్కకు ఆ ఏడాది ఉద్యోగం రాలేదు. చలికాలంలో సూట్‌కేసులు సర్దుకుని ఇండియా వెళ్ళిపోయింది. అంత తెలివైన మనిషిని అందరూ ఎందుకు వద్దనుకున్నారని నాకు చాలాకాలం కోపంగా ఉండేది. నిజానికి ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నాకూ పిల్లలున్నారు. కోపం వస్తే కాసేపు ఆగు, చల్లబడ్డాక చెయ్యి అని అందరూ వాళ్ళకు చెబుతుంటారు. మంచి మాటే. కానీ ఆ రోజు అక్క చల్లబడేదాకా ఆగలేదు. ముఖం ఎర్రగా ఉండగానే, పళ్ళు బిగించి, జారిపోయిన ముడి మళ్ళీ వేసింది. నా చేతుల్లో ఏదైనా చెడిపోతే నాకిప్పటికీ ముందు కోపమే వస్తుంది. ఆ కోపంతోనే మళ్ళీ కూర్చుంటాను. అది పోయాక మొదలుపెడదామనుకుని ఉంటే, నా జీవితంలో చాలా పనులు మొదలయ్యేవే కావు.