జల్లెడ మీద బొట్టు

సువార్త డిగ్రీలో నా విద్యార్థిని. బోటనీ అంటే రికార్డు పుస్తకంలో పువ్వుల బొమ్మలు వేయడం అనుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఏలూరులో నేను పాఠం చెప్పిన పిల్లల్లో చాలామంది ఆ బాపతే. ఈ పిల్ల మాత్రం కాదు. వాళ్ళది ఆకివీడు దాటాక కొల్లేరు అంచున ఉన్న ఊరు. నాన్న చేపల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. మొదటి ప్రాక్టికల్‌కి అందరూ కాలేజీ ఆవరణలోంచి మందార కొమ్మలు విరుచుకొస్తే, ఈమె ఇంటి దగ్గర్నుంచి సంచిలో గుర్రపుడెక్క తెచ్చింది. ఆ కాడని బ్లేడుతో అడ్డంగా కోసి, మైక్రోస్కోపులో చూసి, "మేడమ్, లోపలంతా గదులేనండి. గదుల నిండా గాలేనండి. ఇందుకేనా ఇది మునగనిది!" అని గట్టిగా అరిచింది. క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు కడుపు నిండింది.

పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టింది. భర్త వరదానం చేపల లారీకి డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. గూడెం శివార్లలో అరటి మొక్కలు తయారుచేసే టిష్యూకల్చర్ ల్యాబ్ ఒకటి ఉంటే అందులో చేరింది. చేరి పదేళ్ళు దాటింది.

ఆమె చేసే పని ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అరటిచెట్టుకి పైకి కనిపించేది కాండం కాదు, ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు మట్టలు. అసలు కాండం భూమిలో ఉండే దుంప. మట్టలన్నీ ఒలుచుకుంటూ పోతే ఆ దుంప నడినెత్తిన చివరికి తేలేది ఆవగింజంత తెల్లటి మొన. చెట్టు పెరిగేదంతా అక్కడినుంచే. అక్కడి కణాలకి గోడలు పల్చన. ఆకు కావాలో వేరు కావాలో ఇంకా తేల్చుకోకుండా, ఒకటి రెండవుతూ పోతుంటాయి. నీళ్ళు మోసే నాళాలు అక్కడిదాకా ఏర్పడి ఉండవు. అందుకే నాళాల దారిన పాకే తెగులు కూడా చాలావరకు ఆ మొనకి చేరదు. దాన్ని కోసి చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ మీద సీసాలో పెడితే, పక్కన ఇంకో మొన పుట్టుకొస్తుంది. వాటిని విడదీసి మళ్ళీ కొత్త సీసాల్లో పెట్టాలి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ తీపి జెల్లీ బూజుకీ ఇష్టమే. గాల్లో తేలే బూజు రేణువు ఒక్కటి పడినా మొక్కకన్నా ముందు అదే పెరిగి సీసా నిండిపోతుంది. అందుకని లామినార్ అనే బల్ల ముందు కూర్చుని కోస్తారు. బల్ల వెనక గోడంతా మడతలు మడతలుగా కాగితపు ఫిల్టరు, దాని ముందు సన్నటి జల్లెడ. వడకట్టిన గాలి ఆ జల్లెడలోంచి వచ్చి మూత తీసిన సీసాల మీదుగా వీస్తూ ఉంటుంది.

కనకరాజు అనే రైతు ఒకాయన, ఎర్రకాలువ గట్టున ఆయన తోట. చక్కెరకేళి వేసేవాడు. పనామా తెగులు వచ్చి తోటంతా వాడిపోతే, నూతి పక్కన ఒక్క పొద మాత్రం పచ్చగా నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆయనకీ తెలియదు, చూడ్డానికి వచ్చినవాళ్ళకీ తెలియలేదు. అందులోంచి పిలకలు తవ్వి, గోనెసంచిలో వేసుకుని బైకు మీద ల్యాబుకి తెచ్చాడు. "ఇవి బతికితే మా ఊళ్ళో చక్కెరకేళి మళ్ళీ వేసుకుంటామండి. లేకపోతే ఇక ఆ పండు సంగతి మర్చిపోవడమేనండి" అన్నాడు. సువార్త వాటి మొనలు కోసి సీసాల్లో పెట్టింది. ఆ వానాకాలం ఎర్రకాలువ పొంగి రోజుల తరబడి తోటలో నీళ్ళు నిలిచాయి. నూతి పక్కన పొద కూడా కుళ్ళిపోయింది. ఇక ఆ మొక్క ఉన్నది సువార్త సీసాల్లోనే.

దసరా వచ్చింది. ల్యాబు ఓనరు భానుప్రకాష్ ఏటా ఆయుధపూజ చేయిస్తాడు. ఆఫీసులో కంప్యూటరుకి, బయట జనరేటరుకి, మొక్కల వ్యానుకి బొట్లు పెట్టి ఊరుకునేవాడు. ఆ ఏడు లోపలి గదిలో పాత లామినార్ తీసేసి కొత్తది పెట్టించారు. జెల్లీ కాచి సీసాలు నింపే వీరదుర్గకి దానికీ పూజ చెయ్యాలనిపించింది. "మనకి అన్నం పెట్టే బల్లండి. దాన్ని వదిలేస్తే ఎలాగండి?" అంది. అదీ నిజమే కదా. భానుప్రకాష్ లోపలికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు బల్ల మీదా, వెనకగోడ మీదా చిలకరించాడు. తడి పసుపు బొటనవేలికి అద్దుకుని బొట్లు పెట్టాడు. ముందుండే గాజుతలుపు పైకెత్తి ఉంది. దాంతో బొట్లు జల్లెడ మీదే పడ్డాయి. వేలు గట్టిగా నొక్కేసరికి వెనక కాగితం కూడా తడిసింది.

సువార్త గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ప్రసాదం పెడితే తింది. ఏటా తింటుంది, క్రిస్మస్‌కి తను కేకు తెచ్చి పంచుతుంది, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ తడిసిన కాగితానికి బూజు పడుతుందని ఆమెకి తెలుసు. అందరూ బయటికి వెళ్ళాక స్పిరిట్ గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చింది, ముందు తుడిచేసి తర్వాత ఫిల్టరు మార్చమని చెబుదామని. గుడ్డ ఎత్తిందో లేదో, వెనక వీరదుర్గ.

"అయ్యో, అప్పుడే తుడిచేస్తున్నారా అక్కా? అమ్మవారి బొట్టండి అది."

ఆ మాటలో ద్వేషమేమీ లేదు. పిల్ల చిన్నబుచ్చుకుంది, అంతే. కానీ సువార్త చెయ్యి ఆగిపోయింది. అక్కడ చర్చికి వెళ్ళే మనిషి తనొక్కతే. అదే గుడ్డ ఇంకొకరి చేతిలో ఉంటే బల్ల శుభ్రం చేసినట్టు. తన చేతిలో ఉంటే బొట్టు తుడిచేసినట్టు. "లేదమ్మా, కింద తుడుద్దామని" అంది. బల్ల మీద మాత్రం తుడిచి బయటికి వచ్చేసింది.

పండగ సెలవులయ్యాక ఆ బల్ల ముందే కూర్చుని కనకరాజుగారి మొనలు విడదీసి కొత్త సీసాల్లో పెట్టింది. బొట్లు ఎండిపోయాయి కదా, ఏమీ కాదులే అని తనకి తనే చెప్పుకుంది. కొద్ది రోజులకే చాలా సీసాల్లో జెల్లీ మీద నల్లటి నూగు లేచింది.

"మీ చేతిలో ఇలా ఎప్పుడూ కాలేదే సువార్తగారూ. చేతులు సరిగ్గా కడుక్కున్నారా అండీ?" అన్నాడు భానుప్రకాష్. పాడైనవి పారేసి, మిగిలినవి మళ్ళీ కోసి పెట్టమన్నాడు. ఆమె కడుక్కున్నానని మాత్రం చెప్పింది. చర్మం పొట్టు రేగేదాకా స్పిరిట్‌తో చేతులు రుద్దుకుని, మళ్ళీ అదే బల్ల ముందు కూర్చుంది.

ఇదంతా అయిపోయాక ఆమె మా ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను పట్టలేక అరిచాను. "అన్నీ తెలిసినదానివి, రెండోసారి ఎలా కూర్చున్నావే అక్కడ?" అన్నాను. ఆమె నావైపు చూసింది. మా హాల్లో గోడకి వేంకటేశ్వరస్వామి పటం ఉంది, నా నుదుట బొట్టు ఉంది. ఆ చూపు ఏమిటో నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండోసారి కోసినవి కూడా బూజు పట్టాయి. మంచివి ఓ నాలుగైదు సీసాలు మిగిలాయి. వాటినీ అక్కడే కోస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అప్పుడు వెళ్ళింది భానుప్రకాష్ దగ్గరికి.

"ఫిల్టరు విప్పి చూడాలండి."

"కొత్తదే కదండీ. దానికేమైంది?"

"తడిసిందండి."

"ఏసీ గదిలో ఎలా తడుస్తుందండి?"

"పూజ రోజునండి."

భానుప్రకాష్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే మా పూజ వల్ల పాడైందంటారా?"

పదేళ్ళుగా ఆ మనిషి మన ల్యాబు, మన మొక్కలు అంటూ వచ్చాడు. "పూజని కాదండి నేనంటున్నది. తడినండి" అంది సువార్త.

గుమ్మంలో నిలబడి వింటున్న వీరదుర్గ, "విప్పి చూస్తే పోయేదేముందండి?" అంది, కోపంగానే. తనే వెళ్ళి స్క్రూలు విప్పింది. జల్లెడ ఊడదీసేసరికి, బొట్టు పడిన చోటల్లా కాగితం మడతల్లో గుండ్రంగా నల్లటి బూజు. కొబ్బరినీళ్ళు జారిన చోట చారలుగా బూజు. లేత కణాలకి బలమని కొన్ని రకాల జెల్లీలో కలిపేది ఆ నీళ్ళే. బూజుకీ అంతే బలం.

భానుప్రకాష్ కాసేపు చూసి, ఫోను తీసుకుని బయటికి వెళ్ళి కొత్త ఫిల్టరుకి చెప్పాడు.

"మీరు ఆ రోజే చూశారు కదా అక్కా. నాకైనా చెప్పలేదేమండీ?" అంది వీరదుర్గ.

"చెబితే ఏమనుకునేదానివి?"

వీరదుర్గ స్క్రూలు గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడింది.

కొత్త ఫిల్టరు వచ్చేలోపల మిగిలిన సీసాల్లో కూడా నూగు లేచింది. అయినా సువార్త వదల్లేదు, కొత్త ఫిల్టరు బిగించాక మళ్ళీ కూర్చుంది. మొనల్ని మందునీళ్ళలో కడిగి, పై పొరలు ఒలిచి, ఇంకా లోపలికి, ఇంకా చిన్నగా కోసి పెట్టింది. అంత చిన్న ముక్కలో మిగిలిన కణాలు ఆ మందుకి తట్టుకోలేక గోధుమరంగుకి తిరిగి చచ్చిపోయాయి. ఆఖరి సీసాలు ఆవిరితో బూజు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికించి, ఖాళీ చేసి కడిగింది.

కనకరాజు ఫోను చెయ్యకుండానే వచ్చాడు. ఆ రోజు భానుప్రకాష్ ఏలూరు వెళ్ళాడు, పనుండి వెళ్ళాడో తప్పుకున్నాడో తెలియదు. సువార్త ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"ఒక్కటి కూడా లేదా అమ్మా?" అన్నాడు చివరికి.

"లేదండి."

"మా మోటారుకీ పెడతామండి బొట్టు. పెట్టినాయనకి తెలియక పెట్టాడు. అది పాడుచేస్తుందని మీకు తెలుసు కదండీ?"

"తెలుసండి."

"మరి అప్పుడే చెప్పలేదేమండీ?"

ఆయన ఇన్నాళ్ళూ అమ్మా అని పిలవడమే కానీ పేరు ఎప్పుడూ అడగలేదు.

"నా పేరు సువార్తండి" అంది.

కనకరాజు తలెత్తి ఆమె ముఖం చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. ఆయనకి అర్థమైంది, అర్థమైందని ఆమెకీ తెలిసింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు.

"అయినా చెప్పాల్సిందమ్మా" అన్నాడు, కోపం లేకుండా. "నాకున్నది అదొక్కటే కదమ్మా."